సెరెంగెటికి ప్రయాణం కట్టే ముందు



మా అల్లుడు ఉద్యోగరీత్యా టాంజానియాలోని దారెస్సలాం నగరంలో ఉంటున్నాడు. అమ్మాయి ప్రతి ఏడూ పిలుస్తూనే ఉంది. నేనూ ప్రతి ఏడూ ఏదో ఒక మిష చెప్పి వాయిదా వేస్తూనే ఉన్నాను. ఈసారి ఫోనులో గట్టిగా నిలదీసింది. "నాన్నగారూ, మీరిద్దరూ రావలసిందే. అందరం కలిసి సెరెంగెటి చూద్దాం. ఏ నెలలో వస్తారో ఒక్క మాట చెప్పండి, తక్కిన ఏర్పాట్లన్నీ మేము చూసుకుంటాం" అన్నది. వెనుకనుండి మనుమరాలు "తాతయ్యా, సింహాలు!" అని కేక వేసింది. ఆ కేకకు ఎదురు చెప్పగల మిష నా దగ్గర లేకపోయింది.

ఏ నెలలో అన్నది చిన్న ప్రశ్నే. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినవాడిని కనుక చదవకుండా సమాధానం చెప్పే అలవాటు లేదు. చదవడం మొదలుపెట్టాను. నెల సంగతి రెండు రోజులలో తేలింది. కాని ఆ నెల వెనుక ఒక నూటముప్పై ఏళ్ళ చరిత్ర ఉన్నదనీ, అందులో మా ఊరి పశువుల దొడ్డికి కూడా ఒక మూల చోటున్నదనీ తెలిసి ఆశ్చర్యపోయాను. ఆ సంగతులను మీతో పంచుకుందామని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా మాట గురించి. పండితుడికి మాట దొరికితే తక్కిన పని ఆగిపోతుందని మా ఇంటావిడ ఎప్పుడూ అంటుంది. 'సఫారీ' అన్నది స్వాహిలీ పదం. దానికి మూలం అరబ్బీలోని 'సఫర్'. ఉర్దూ ద్వారా మన తెలంగాణంలో వాడుకలో ఉన్న 'సఫర్' కూడా అదే. అర్థం ప్రయాణమని మాత్రమే. స్వాహిలీలో పక్క ఊరికి బంధువులను చూడబోవడమూ సఫారీయే. అందులో తుపాకీ లేదు, కెమెరా లేదు, సింహమూ లేదు. అలాగే స్వాహిలీలో అంగడిని 'దూకా' అంటారు. మన దుకాణానికి అది చుట్టం. బండిని 'గారి' అంటారు. హిందుస్తానీ 'గాడీ' హిందూమహాసముద్రం దాటి వెళ్ళి అక్కడ కారుకు పేరైంది. అయితే ఒక హెచ్చరిక. సింహాన్ని స్వాహిలీలో 'సింబా' అంటారని తెలియగానే నేను కూడా మన సంస్కృత 'సింహ' శబ్దమే అక్కడికి వెళ్ళిందని సంబరపడ్డాను. అది పొరపాటు. 'సింబా' బాంటూ భాషలకు సొంతమైన మాట. ఉన్నది ధ్వనిసామ్యమే కాని బంధుత్వం కాదు.

కేవలం ప్రయాణమన్న అర్థం గల మాటకు జంతువులను చూడబోవడమన్న ప్రత్యేకార్థం ఎలా వచ్చింది? 19వ శతాబ్దంలో తీరం నుండి లోనాడుకు పోయే వర్తకుల బిడారులను సఫారీ అనేవారు. వందలమంది కూలీలు నెత్తిన మూటలతో వరుసగా నడిచేవారు. పోయేటప్పుడు బట్టలూ పూసలూ, వచ్చేటప్పుడు ఏనుగు దంతాలు. బానిసల వ్యాపారం కూడా ఆ దారులలోనే సాగింది. ఐరోపా దేశాల వేటగాళ్ళు వచ్చి ఆ బిడారు పద్ధతినే, ఆ కూలీలనే, ఆ పేరునే తీసుకున్నారు. 1909లో అమెరికా అధ్యక్ష పదవి నుండి దిగిన థియొడోర్ రూజ్వెల్ట్ కుమారుణ్ణి వెంటబెట్టుకుని మొంబాసాలో ఓడ దిగి, తూర్పు ఆఫ్రికాలో నెలల తరబడి వేటాడాడు. తండ్రీకొడుకులిద్దరూ కలిసి కొట్టిన జంతువులు ఐదు వందలకు పైమాటే. ఆ యాత్రలో సేకరించిన కళేబరాలూ చర్మాలూ వాషింగ్టనులోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరాయి. ఆ యాత్రను పత్రికలు ప్రపంచమంతా చాటడంతో సఫారీ అంటే వేట అన్న అర్థం స్థిరపడిపోయింది.

ఈనాడు యాత్రా సంస్థలవారి కాగితాలలో 'బిగ్ ఫైవ్' అన్న మాట కనిపిస్తుంది. సింహం, ఏనుగు, అడవిదున్న, చిరుత, ఖడ్గమృగం. ఇవి పెద్దవి కనుక పెద్దవి అన్నారని నేను అనుకునేవాణ్ణి. అలా అయితే నీటిగుర్రమూ జిరాఫీ ఎందుకు లేవు? ఈ అయిదూ కాలినడకన వేటాడేవాడి ప్రాణానికి ఎక్కువ ముప్పు తెచ్చేవి. అది వేటగాళ్ళ జాబితా. తుపాకీ పోయి కెమెరా వచ్చినా జాబితా మారలేదు. మనుమరాలికి ఈ జాబితా ఇవ్వకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఎందుకంటే సెరెంగెటి కథానాయకుడు అందులో లేడు.

ఆ నాయకుడి పేరు స్వాహిలీలో 'న్యుంబు'. ఇంగ్లీషువారు వైల్డెబీస్టు అంటారు. జింక జాతిలోనిదే, కాని చూడడానికి ఎద్దు తల, గుర్రపు తోక, మేక గడ్డం కలిపి కుట్టినట్టు ఉంటుంది. అందమైనది కాదు. కాని లక్షల సంఖ్యలో కలిసి నడుస్తుంది. చారల గుర్రాలు, గాజెల్ జింకలు వాటితో కలుస్తాయి. అన్నట్టు మనం చారల గుర్రం అన్న జంతువును స్వాహిలీవారు 'పుండా మిలియా' అంటారు, చారల గాడిద అని.

ఏ నెలలో వెళ్ళాలన్నది ఈ మంద ఎక్కడ ఉంటుందన్న దానిమీద ఆధారపడుతుంది. సెరెంగెటి జాతీయవనం వైశాల్యం 14,763 చదరపు కిలోమీటర్లు. అంత భూమిలో మంద ఒకచోట ఉండగా మనం మరొకచోట ఉంటే చూసేది గడ్డి మాత్రమే. మంద వానను వెంబడిస్తుంది. డిసెంబరు నుండి మార్చి వరకు దక్షిణాన నుడుటు చుట్టుపక్కల పొట్టిగడ్డి మైదానాలలో ఉంటుంది. అక్కడి నేలలో పూర్వం అగ్నిపర్వతాలు కక్కిన బూడిద కలిసి ఉంది. దాని వలన ఆ గడ్డిలో సున్నం, భాస్వరం వంటి ఖనిజాలు ఎక్కువ. చూడి జంతువులకూ పాలిచ్చే తల్లులకూ కావలసినవి అవే. ఫిబ్రవరిలో కొద్ది వారాల వ్యవధిలోనే లక్షల దూడలు పుడతాయి. పుట్టిన దూడ నిమిషాలలో లేచి తల్లి వెంట పరుగెత్తుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానలు పడి తగ్గుముఖం పట్టేసరికి మంద వాయవ్యానికి కదులుతుంది. జూన్‌లో పడమటి భాగాన గ్రుమెటి నది, జూలై నుండి అక్టోబరు వరకు ఉత్తరాన మారా నది. ఆ నదిని దాటేటప్పుడే మొసళ్ళు కాచుకుని ఉంటాయి. ఆ దృశ్యమే మనం టీవీలో చూసేది. నవంబరులో చిన్న వానలు మొదలుకాగానే మంద మళ్ళీ దక్షిణానికి మరలుతుంది.

ఈ చక్రం చదివినప్పుడు ఇది సృష్ట్యాది నుండి ఇలాగే సాగుతున్నదని నమ్మాను. అందరూ అలాగే చెబుతారు. 'ఆదిమ ప్రకృతి', 'మానవుడు తాకని భూమి' అన్న మాటలు యాత్రా పత్రాలలో విరివిగా కనిపిస్తాయి. కాని ఇంతటి మంద మనకాలంలో తయారైనదని లెక్కలు చెబుతున్నాయి. 1961లో జరిగిన గణనలో న్యుంబుల సంఖ్య సుమారు రెండున్నర లక్షలు. 1970ల చివరికి అది 13 లక్షలు దాటింది. పదహారు, పదిహేడేళ్ళలో ఐదింతలు! ఏమి జరిగింది? జవాబు కోసం నేను మా ఊరికి తిరిగి రావలసి వచ్చింది.

మా స్వగ్రామం పల్నాటి సీమలో ఒక పల్లె. నా చిన్నతనంలో ఏడాదికొకసారి పశువుల ఆసుపత్రి నుండి ఒక ఉద్యోగి సైకిలు మీద, మంచుగడ్డల డబ్బాతో వచ్చేవాడు. ముందురోజే చాటింపు వేసేవారు. ఊరి పశువులన్నిటినీ చెరువుగట్టున తోలి నిలబెట్టేవాళ్ళం. ఆయన ఒక్కొక్క గొడ్డుకూ సూది వేసుకుంటూ పోయేవాడు. అది ముసర వ్యాధి టీకా. ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్. ఈనాటి పిల్లలకు ఆ పేరే తెలియదు, తెలియకపోవడం మంచిదే. మా నాయనమ్మ మాత్రం ఆ పేరు ఎత్తితే చెంపలు వేసుకునేది. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో ముసర వచ్చి, జ్వరము, నోటిపూత, పారుడుతో వారం పది రోజులలో దొడ్డి దొడ్డంతా ఖాళీ అయిందట. ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లారట. దున్నడానికి ఎద్దులు లేక ఆ ఏడు సగం పొలాలు బీడు పడ్డాయని చెప్పేది.

ఆ ముసరే ఆఫ్రికాకు వెళ్ళింది. 1887 ప్రాంతంలో ఎర్రసముద్రతీరాన మస్సావా రేవులో దిగిన ఇటలీ సైన్యం కోసం తెప్పించిన పశువుల వెంట ఆ వ్యాధి ఆ ఖండంలో అడుగుపెట్టిందని చరిత్రకారులు రాస్తారు. ఆ పశువులు భారతదేశం నుండి వెళ్ళినవన్నది ప్రసిద్ధమైన అభిప్రాయం. అంతకు ముందు ఆ వ్యాధిని ఎరుగని పశువులు కావడంతో తట్టుకునే శక్తి వాటికి లేదు. మూడు నాలుగేళ్ళలో అది తూర్పు ఆఫ్రికాను ముంచెత్తింది. 1890ల మధ్యకు దక్షిణాఫ్రికా చేరింది. దారిలో అనేకచోట్ల నూటికి ఎనభై, తొంభై పశువులు చచ్చాయి. చచ్చినవి పెంపుడు పశువులు మాత్రమే కావు. అడవిదున్నలకూ న్యుంబులకూ కూడా అదే గతి పట్టింది.

సెరెంగెటి మైదానాలలో మాసాయిలు పశువులతో బ్రతికే జాతి. పాలు, మాంసం, రక్తం వారి ఆహారం. పశువే ఆస్తి, పశువే కన్యాశుల్కం. పశువు పోతే మనిషి పోయినట్లే. దానికి తోడు మశూచి, కరువు కలిసివచ్చాయి. 1892లో ఆస్కర్ బౌమన్ అనే ఆస్ట్రియా యాత్రికుడు న్గొరొన్గొరొ ప్రాంతానికి చేరినప్పుడు ఎముకల గూళ్ళవలె ఉన్న మాసాయి స్త్రీలనూ, పిల్లలనూ చూసి ఆ భయంకర దృశ్యాన్ని తన గ్రంథంలో వర్ణించాడు. ఆ కాలాన్ని మాసాయిలు తమ భాషలో 'ఎముతాయి' అంటారు. అంతా తుడిచిపెట్టుకుపోవడమని దాని భావం.

ఇక్కడొక విషయం గమనించాలి. మనుషులు చచ్చి, పశువులు చచ్చి, ఉన్నవారు చెదిరిపోయిన తరువాతి కాలంలోనే వలస ప్రభుత్వాలు ఆ భూమిని కొలిచి పటాలు గీశాయి. జర్మనులు మొదట, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆంగ్లేయులు. వారికి కనిపించింది నిర్జనమైన మైదానం. అది రోగం ఖాళీ చేసిన ఇల్లు. వారు దానిని ఎన్నడూ ఎవరూ కాపురముండని ఇల్లనుకున్నారు.

తరువాతి కథ వేగంగా చెబుతాను. 1920లలో వేటగాళ్ళు కార్లలో వచ్చి సింహాలను కుప్పలుగా కాల్చడంతో ప్రభుత్వం 1921లో కొంత భాగాన్ని, 1929లో మరికొంతను వేటనుండి రక్షించింది. 1951లో జాతీయవనం ఏర్పడింది. అప్పటి వనంలో న్గొరొన్గొరొ కొండలు కూడా చేరి ఉండేవి. మాసాయిలు లోపలే పశువులు మేపుకుంటూ ఉండేవారు. వారుండవచ్చునా అన్న వివాదం వెంటనే మొదలయింది. వనాన్ని రెండుగా చీల్చి, ఒక భాగంలో వన్యమృగాలను, మరొక భాగంలో మాసాయిలను ఉంచాలని ప్రభుత్వం ఆలోచించింది.

ఆ సమయంలో రంగప్రవేశం చేసినవారు ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాల అధిపతి బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కుమారుడు మైకేల్. తండ్రీకొడుకులిద్దరూ విమానం నడపడం నేర్చుకుని, చారల గుర్రంలా చారలు పూసిన చిన్న విమానంలో జర్మనీ నుండి సెరెంగెటికి ఎగిరి వచ్చారు. 1958లో గాలిలోనుండి మందలను లెక్కపెట్టారు. వారి లెక్కలో న్యుంబులు సుమారు లక్ష. మందలు తిరిగే దారులకూ ప్రభుత్వం గీస్తున్న గీతలకూ పొంతన లేదని వారు వాదించారు. 1959 జనవరి 10న మైకేల్ ఒంటరిగా నడుపుతున్న విమానాన్ని ఒక రాబందు ఢీకొన్నది. విమానం కూలి అతడు మరణించాడు. వయస్సు ఇరవై నాలుగు. న్గొరొన్గొరొ అంచున అతణ్ణి సమాధి చేశారు. 1987లో మరణించిన తండ్రి బూడిద కూడా కొడుకు పక్కనే చేరింది. 'సెరెంగెటి చావరాదు' అన్న అర్థం వచ్చే పేరుతో వారు తీసిన చిత్రానికి 1960లో ఆస్కార్ బహుమతి వచ్చింది. లోకం సెరెంగెటిని తెలుసుకున్నది ఆ చిత్రంతోనే.

పుత్రశోకంలో కూడా పని వదలని ఆ తండ్రిని చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది, నాకూ కలిగింది. అయినా ఆయన వాదంలోని రెండవ సగాన్ని నేను జీర్ణించుకోలేకపోతున్నాను. జాతీయవనంలో మనుషులెవరూ, అక్కడే పుట్టి పెరిగినవారు సైతం, ఉండరాదన్నది ఆయన మతం. పశువులు పెరిగితే అడవి నశిస్తుందని ఆనాటి సంరక్షకులు చాలామంది నమ్మారు. 1958లో పన్నెండుమంది మాసాయి పెద్దలు పడమటి సెరెంగెటిని వదిలి వెళ్ళడానికి ఒప్పుకుంటున్నట్లు ఒక పత్రం మీద సంతకాలు చేశారు. 1959లో సరిహద్దు మారింది. మాసాయిలు తమ మందలతో న్గొరొన్గొరొకు తరలిపోయారు. అక్కడ మనుషుల అవసరానికీ మృగాల అవసరానికీ పోటీ వస్తే మనుషులదే ముందని ఆనాటి ఆంగ్ల గవర్నరు వారికి మాట ఇచ్చాడు.

ఇప్పుడు ఆ ఐదింతల లెక్కకు వద్దాం. 1950లలో పశువైద్యశాఖవారు సెరెంగెటి చుట్టుపక్కల పెంపుడు పశువులకు ముసర టీకాలు వేయడం ముమ్మరం చేశారు. ఆ దశాబ్దపు చివరిలో నైరోబీ దగ్గరి ముగుగా పరిశోధనశాలలో వాల్టర్ ప్లౌరైట్ అనే పశువైద్యుడు ఇంకా మేలైన టీకాను రూపొందించాడు. 1963 తరువాత పుట్టిన న్యుంబు దూడలలో ఆ వ్యాధి జాడలు కనిపించలేదు. అంతకు ముందు తల్లిపాల రక్షణ తీరిపోగానే ఏటా దూడలు వేలాదిగా చచ్చేవి. ఒక్క న్యుంబుకు కూడా సూది వేయలేదు. మాసాయిల పశువులకూ, పడమటి రైతుల పశువులకూ వేశారు. ఊళ్ళో రోగం ఆగితే అడవిలో కూడా ఆగింది. మంద పెరిగింది. మంద గడ్డి మేసినకొద్దీ కార్చిచ్చులు తగ్గాయి. చిచ్చు తగ్గితే చెట్లు మొలిచాయి. సింహాలకు తిండి పెరిగి అవీ పెరిగాయి.

ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. లోకమంతా ఆదిమప్రకృతి అని చూడబోయే ఆ మంద ఒక పశువైద్యుడి సూదిమొన నుండి పుట్టింది. చెరువుగట్టున నేను మా ఎర్రావు పలుపు పట్టుకుని నిలబడిన ఆ సంవత్సరాలలోనే అక్కడెవరో మాసాయి బాలుడు తన ఆవును పట్టుకుని నిలబడి ఉంటాడు. వాడి ఆవుకు పడిన సూది వలన అడవి బ్రతికింది. అదే కాలంలో వాడి కుటుంబాన్ని అడవికి చేటని బయటికి పంపారు. పశువు వలన అడవికి చేటు వచ్చిన మాట నిజమే, కాని ఆ చేటుకు మందు పశువుకే వేయవలసి వచ్చింది. పశువునూ మనిషినీ వెళ్ళగొట్టడం ఆ మందులో భాగం కాదు. ఈ రెండు పనులూ ఒకే కాలంలో జరగడంతో, మందకు మేలు చేసింది గీత అనుకున్నారు, సూదిని మరచిపోయారు. మరచిపోయినదాని ఖరీదు మాసాయిలు చెల్లించారు.

ముసర కథ సుఖాంతం. దాని చివరి జాడ 2001లో కెన్యాలో అడవిదున్నలలో కనిపించింది. 2011లో ఆ వ్యాధి భూమి మీద లేదని ప్రపంచ సంస్థలు ప్రకటించాయి. మశూచి తరువాత మనిషి సమూలంగా నిర్మూలించిన రెండవ వ్యాధి అది. మన దేశంలో 1954లో మొదలైన నిర్మూలన కార్యక్రమం ఫలించి, 2006లో భారతదేశానికి ఆ వ్యాధి లేని దేశమన్న గుర్తింపు వచ్చింది. సైకిలు మీద వచ్చిన ఆ ఉద్యోగి పేరు కూడా నాకు గుర్తులేదు. ఆయనకు ఈ వ్యాసం ద్వారా ఒక నమస్కారం.

గీత కథ మాత్రం ముగియలేదు. న్గొరొన్గొరొలో మాసాయిల సంఖ్య పెరిగింది. 1975లో అక్కడ వ్యవసాయం నిషేధించారు. 2022లో ప్రభుత్వం న్గొరొన్గొరొ నుండి కుటుంబాలను వందల కిలోమీటర్ల దూరంలోని మ్సొమేరా అనే చోటికి తరలించడం మొదలుపెట్టింది. స్వచ్ఛందమని ప్రభుత్వం అన్నది. బడి, ఆసుపత్రి వంటి సౌకర్యాలకు నిధులు తగ్గించి పొమ్మనకుండా పొగబెడుతున్నారని మాసాయిలు అన్నారు. అదే ఏడు జూన్‌లో వనానికి తూర్పున లోలియొండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేతభూమికి హద్దురాళ్ళు పాతబోతే ఘర్షణ జరిగింది. జనానికి తుపాకీ గాయాలయ్యాయి, ఒక పోలీసు మరణించాడు. మనం చెల్లించే ప్రవేశ రుసుములు ఆ దేశానికి ముఖ్యమైన ఆదాయం. ఆ ఆదాయంతోనే రక్షకులకు జీతాలు, ఆ ఆదాయం కోసమే హద్దురాళ్ళు కూడా. యాత్రికుడికి ఇందులో పాత్ర లేదనలేము.

అలాగని మాసాయిలదే పూర్తిగా న్యాయమనీ, ప్రభుత్వానిది పూర్తిగా అన్యాయమనీ తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. జనం పెరిగారు, భూమి పెరగలేదు. 1961లో స్వాతంత్ర్యం రాబోయే ముందు అరూషా పట్టణంలో జరిగిన సభకోసం జూలియస్ న్యెరేరే ఒక ప్రకటన చేశాడు. వన్యప్రాణులను కాపాడే బాధ్యతను తన ప్రజల తరఫున ఆయన స్వీకరించాడు. బీద దేశం తన భూమిలో పెద్ద భాగాన్ని మృగాలకు కేటాయించింది. చాలా ధనిక దేశాలు చేయని పని అది. మందలు కూడా శాశ్వతం కావు. ఇటీవల ఉపగ్రహ చిత్రాలలో యంత్రంతో లెక్కించినవారికి న్యుంబులు ఆరు లక్షలకు లోపే కనిపించాయని 2025లో ప్రకటించారు. పాత పద్ధతి ఎక్కువ చూపిందా, కొత్త పద్ధతి తక్కువ చూపిందా అని పండితులు చర్చిస్తున్నారు. అందుచేత వెళ్ళకుండా ఇంట్లో కూర్చోవడం పరిష్కారం కాదనిపించింది. తెలియకుండా వెళ్ళడం మాత్రం తప్పనిపించింది.

ఇంతకూ మా ప్రయాణం ఎలా కుదిరిందో చెప్పి ముగిస్తాను. నెల ఫిబ్రవరి. మొసళ్ళ నదిని చూడాలని అల్లుడికి ఉన్నది కాని, మనుమరాలికి మొదటిసారి చావును చూపడం కంటె పుట్టుకను చూపడం మేలని నేను అన్నాను, ఆయన ఒప్పుకున్నాడు. అయితే దూడలున్నచోట సింహాలూ, దుమ్ములగొండ్లూ ఉంటాయి కనుక చావు కూడా కనిపించకపోదు. అరూషా నుండి జీపులో బయలుదేరి న్గొరొన్గొరొ అంచున ఒక రాత్రి ఉంటాం. ఆ అంచు 2,000 మీటర్లకు పైన ఉంటుంది కనుక ఆఫ్రికా అంటే ఎండలే అనుకుని ఉన్నిదుస్తులు మరచిపోకూడదు. మరునాడు గ్జిమెక్ తండ్రీకొడుకుల సమాధి దగ్గర కాసేపు ఆగుతాం. ఆ తరువాత దారిలో ఓల్డుపై లోయ.

ఆ లోయను నేను పట్టుబట్టి చేర్పించాను. మాసాయిలను సెరెంగెటి నుండి తరలించిన ఆ 1959లోనే, జూలైలో, మేరీ లీకీ అక్కడ పదిహేడు లక్షల ఏళ్ళకు పైబడిన ఒక మానవసదృశ జీవి పుర్రెను కనుగొన్నది. దానికి కొంత దూరాన లాయెటొలిలో 36 లక్షల ఏళ్ళ నాడు అగ్నిపర్వతపు బూడిదలో నడిచివెళ్ళిన పాదముద్రలు 1978లో బయటపడ్డాయి. రెండు కాళ్ళ మీద నిలబడి నడిచినవారి అడుగుల గుర్తులు అంతటి పాతవి మరెక్కడా దొరకలేదు. ఇవన్నీ అదే మైదానాల అంచున ఉన్నాయి. మానవుడు తాకని భూమి అన్న మాటకు ఇంతకంటె సమాధానం ఏముంటుంది?

అక్కడి నుండి నుడుటు. మూడు రాత్రులు ఒకేచోట. యాత్రా సంస్థవారు నాలుగు రోజులలో నాలుగు చోట్లు తిప్పుతామన్నారు. వద్దన్నాను. మా ఆవిడ మోకాళ్ళు ఒక కారణం. మంద మన ముందునుండి నడిచిపోయేదాకా కదలకుండా కూర్చోవడమే చూడడమని నా నమ్మకం మరొక కారణం. వాహనం దిగకూడదు, వనంలో దారి తప్పి నడపకూడదు, చీకటి పడేలోపు బసకు చేరాలి. ప్లాస్టిక్ సంచులను ఆ దేశంలో 2019లో నిషేధించారు కనుక ఆవకాయ జాడీకి గుడ్డసంచి కుట్టించాం. కెన్యా మీదుగా తిరిగివచ్చేవారు పచ్చజ్వరం టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని పత్రం దగ్గర ఉంచుకోవాలి. మలేరియా మాత్రలు వైద్యుణ్ణి అడిగి తీసుకోవాలి. వెంట వచ్చే మార్గదర్శకుడు స్థానికుడై ఉండాలనీ, మాసాయి అయితే మరీ మంచిదనీ అల్లుడికి చెప్పాను. ఆయనను నేను అడగదలచుకున్న ప్రశ్న ఒక్కటే: "మీ నాన్నగారు ఏ ఊరివారు? ఆ ఊరు ఇప్పుడు గీతకు ఏ వైపున ఉన్నది?"

ఆయన ఆవుల సంగతి అడిగితే మా ఎర్రావు కథ చెబుతాను. పశువులు పెంచినవాళ్ళం, ఏదో ఒక భాషలో కలవకపోము.

మనుమరాలికి జాబితా రాసి పంపాను. అందులో అయిదు పేర్లున్నాయి: న్యుంబు దూడ, పేడపురుగు, రాబందు, మాసాయి ఆవు, దాని మెడలోని గంట. సింహాన్ని చేర్చలేదని అలిగిందట. చేర్చనవసరం లేదమ్మా, అదే వస్తుంది అన్నాను.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్ళివచ్చినవారుంటే మీ అనుభవం తప్పక రాయండి. నా లెక్కలలో పొరపాటు కనిపిస్తే మొగమాటం లేకుండా దిద్దండి. స్వాహిలీలో ప్రయాణమయ్యేవారికి 'సఫారీ న్జేమా' అని చెబుతారట. ప్రయాణం చల్లగా సాగాలని. ఆ దీవెన మాకూ, ఆ మందకూ, ఆ మంద పక్కన తమ ఆవులను మేపుకునే వారికీ అందరికీ వర్తించాలని కోరుకుంటూ, సెలవు.